నేస్తం తెచ్చిన నెత్తళ్ళు

"ఉప్పు మానలేదు." సోమన్న బీపీ కార్డు మీద రెండేళ్ళ పాటు, నెలనెలా, నా చేత్తో నేనే రాసిన మాట ఇది. ఆ దస్తూరీ నాది, కింద సంతకం నాది, రాసేటప్పటి పొగరు కూడా నాదే. ఇప్పుడా కార్డు చూస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నా పేరు స్వర్ణ. అరకు సంత నుంచి ఆటోలో ముప్పావుగంట కొండెక్కితే పనసగుడ వస్తుంది. అక్కడ సబ్ సెంటర్‌లో నర్సుని. నేనూ ఈ కొండల పిల్లనే, పక్క గూడెంలో పుట్టి పెరిగాను. అయితే నా సంగతి ఇక్కడ ఎవడిక్కావాలి? చెప్పాల్సింది నీలవేణి సంగతి. ఆమెను నేను పిన్నీ అంటాను. ఆమె కోపం లేనప్పుడు నన్ను "ఓసి గుంటా" అంటుంది, కోపమొస్తే "నర్సమ్మా" అంటుంది. ఆ రెండేళ్ళూ నేను నర్సమ్మనే.

నీలవేణికి నలభై ఎనిమిదేళ్ళుంటాయి. పిల్లల్లేరు. మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ కలిపి ఎకరన్నర కాఫీ తోట, దిగువన చోళ్ళు, అంటే రాగులు, కాస్త అల్లం. మనిషి నిప్పు. ఒకసారి సంతలో ఒక షావుకారు, "అల్లంలో మట్టి కలిపేసి తెచ్చీసినావు" అన్నాడని బస్తా మొత్తం రోడ్డు మీద గుమ్మరించి, ఒక్కో దుంపా అతని ముక్కు దగ్గర పెట్టి చూపించింది. అతను దణ్ణం పెట్టేదాకా వదల్లేదు. అలాంటి మనిషిని పట్టుకుని నేను అబద్ధాలకోరు అన్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, అదే.

మొగుడు సోమన్న ఆమెకు పూర్తిగా ఎదురు. పది మాటలడిగితే ఒక మాట చెబుతాడు. కాఫీకి నీడనిచ్చే సిల్వరోక్ చెట్లకు మిరియం తీగలు పాకించి ఉంటాయి కదా, ఆ చెట్లెక్కి మిరియాలు కోయడంలో ఈ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. ఎడం చేత్తో మాను పట్టుకుని, కుడి చేత్తో గుత్తులు తెంపి నడుముకు కట్టుకున్న సంచిలో వేసుకుంటూ ఈలలు వేస్తాడు. వేసేవాడు.

రెండున్నరేళ్ళ కిందట ఒకరోజు తలనొప్పి అని సెంటర్‌కి వచ్చాడు. పట్టీ కట్టి చూస్తే పైది నూట ఎనభై, కిందది నూట పది. అరకు ఆస్పత్రికి పంపాను. డాక్టరు గారు మాత్ర రాసి, "ఉప్పు తగ్గించకపోతే మాత్ర ఒక్కటే ఏం చేస్తుందమ్మా, ఇంట్లోవాళ్ళకి గట్టిగా చెప్పు" అని నాకు ఫోన్ చేశారు. గట్టిగా చెప్పడం నాకు వెన్నతో పెట్టిన విద్య.

మా దగ్గర ఒక బొమ్మల పుస్తకం ఉంటుంది. మనిషి రోజుకు టీచెంచాడు ఉప్పు దాటకూడదు, మన దేశంలో తింటున్నది దాదాపు దానికి రెండింతలు అని అందులో రాసి ఉంటుంది. కింద బొమ్మలు: ఊరగాయ జాడీ, అప్పడాలు, చిప్స్ పొట్లం, బేకరీ బిస్కెట్లు. పట్నంలో ఫ్యాను కింద కూర్చుని గీసిన బొమ్మలు. కొండ మీద మనిషి నోట్లోకి ఉప్పు ఏ దారిన వస్తుందో ఆ గీసినవాడికి తెలియకపోవచ్చు. నాకు తెలియాలి కదా!

పుస్తకం చూపించి నీలవేణికి అంతా చెప్పాను. మా అమ్మమ్మ కాలంలో గంపెడు చింతపండు నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్ళి, దానికి మారుగా ఉప్పు తెచ్చుకునేవారు. అంత కష్టపడి తెచ్చుకున్నదాన్ని మానెయ్యమంటే ఈ ఊళ్ళో చాలామంది నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. నీలవేణి అలా చూడలేదు. ఒకే ఒక్క మాట అడిగింది.

"ఉప్పు మానేత్తే బతుకుతాడేటి?"

"బతుకుతాడు పిన్నీ."

ఆ సాయంత్రమే ఉప్పు కుండ తీసుకెళ్ళి తోటికోడలి ఇంట్లో పెట్టేసి వచ్చింది. "ఇంట్లో ఉంటే సెయ్యి దానిమీదకే పోద్ది" అంది. అంబలిలో ఉప్పు లేదు, కూరలో లేదు, పచ్చడి లేనే లేదు. తనూ అదే తింది. మొగుడికొక కుండ, తనకొక కుండ పెట్టుకునే మనిషి కాదు.

ఇక నూకరత్నం గురించి చెప్పాలి. చెప్పాలంటేనే నాకు ఒళ్ళు మండుతుంది, అయినా ఉన్నది ఉన్నట్టే చెబుతాను. ఆమెది సముద్రపు ఒడ్డున భీమిలి అవతల ఒక పల్లె. ప్రతి శుక్రవారం ఎండుచేపల మూటలతో అరకు సంతకు వస్తుంది. పదిహేనేళ్ళ కిందట ఒక ముసురులో సంతలోనే జ్వరంతో పడిపోతే నీలవేణి తన ఇంటికి తీసుకెళ్ళి మూడు రోజులు గంజి కాచి పోసింది. ఆ ఏడాదే ఇద్దరూ నేస్తం కట్టారు. మా కొండల్లో నేస్తం కట్టడమంటే ఊరికే స్నేహం కాదు. ఊరి పెద్దల ముందు చీరలు మార్చుకుంటారు, ఒకరి నోట్లో ఒకరు అన్నం పెట్టుకుంటారు. ఆ తర్వాత తోడబుట్టినవాళ్ళ కన్నా ఎక్కువ. చావుకీ బతుక్కీ రావాలి. నేస్తం ఇచ్చినదాన్ని అనుమానంగా చూడకూడదు.

సోమన్న జబ్బు సంగతి తెలియగానే నీలవేణి మొదట పరిగెత్తింది నూకరత్నం దగ్గరికే. "ఉప్పెయ్యని సేప ఏదైనా ఉంటే తే నేస్తం. ఆడికి సేప లేందే ముద్ద దిగదు" అంది. మరుసటి శుక్రవారం నూకరత్నం నెత్తళ్ళు వేరే పొట్లం కట్టి తెచ్చింది. వేలంత చిన్న చేపలు అవి. "ఇయ్యి నీకోసమే ఎండెట్టినాను" అంది. ఇంటికొచ్చి వండితే ఉప్పగానే ఉన్నాయి. పై వారం నీలవేణి అడిగింది.

"ఉప్పగున్నాయేటి నేస్తం?"

నూకరత్నం పకపకా నవ్విందట. "ఓలమ్మ, సముద్రంలో పుట్టిన సేప ఉప్పగుండదేటే? అది పుట్టుక ఉప్పు. మనం ఏసిన ఉప్పు కాదు. పుట్టుక ఉప్పు రగతానికెక్కదు."

నీలవేణి సముద్రం ఎప్పుడూ చూడలేదు. మా వాళ్ళలో చాలామంది చూడలేదు. సముద్రం నీళ్ళు ఉప్పగా ఉంటాయని విన్నారు, అంతే. మరి అందులో బతికిన చేప ఉప్పగా ఉండదా? ఉంటుంది. నమ్మేసింది. నేస్తం మాట నమ్మక ఎవరి మాట నమ్ముతుంది?

చప్పిడి అంబలి సోమన్నకు సహించలేదు. రెండు గుక్కలు తాగి గిన్నె పక్కన పెట్టేసేవాడు. బక్కచిక్కిపోతున్నాడని నీలవేణికి బెంగ పట్టుకుంది. ఆ బెంగకొద్దీ అంబలి పక్కన వేయించిన నెత్తళ్ళు గుప్పెడు పెట్టేది. తర్వాత రెండు గుప్పెళ్ళు. అవి ఉంటే తినేవాడు. అతను తింటుంటే ఆమె కడుపు నిండేది. ప్రేమతో పెట్టింది పాపం, ప్రేమతోనే పెట్టింది.

బీపీ దిగలేదు. ఒక మాత్ర రెండయింది, రెండు మూడయ్యాయి. నేను వెళ్ళి పట్టీ కట్టి చూసిన ప్రతిసారీ నా గొంతు పెరిగేది.

"పిన్నీ, నిజం చెప్పు. ఉప్పు వేస్తున్నావా లేదా?"

"అమ్మోరు తోడు. ఏత్తే నా కళ్ళు పోను."

"మరి సంత నుంచి ఎండుచేపలు తెస్తున్నావు కదా?"

"మా నేస్తం ఉప్పెయ్యనియ్యి వేరేగా కట్టి తెత్తాది."

నెత్తళ్ళను ఉప్పు వేయకుండా ఇసుక మీద ఎండబెట్టడం ఉందని నాకు తెలుసు. అక్కడితో ఆ సంగతి వదిలేశాను. ఒక్క చేప తీసి నాలుక మీద వేసుకుని ఉంటే అయిపోయేది కదా! వేసుకోలేదు. నర్సమ్మ గారు నేల మీద కూర్చుని చేపలు తింటారా? నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నీలవేణి దొంగచాటుగా ఉప్పు వేస్తోందని తీర్మానం చేసేసి, కార్డు మీద రాసేసి, వాకిట్లో నలుగురి ముందు "పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది నీ వ్యవహారం" అని కూడా అనేశాను. ఊళ్ళో ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు. నీలవేణి నా వైపు చూసి ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. షావుకారు ముక్కు దగ్గర అల్లం దుంపలు పెట్టిన మనిషి, ఏమీ అనలేదు. అప్పుడైనా నాకు తట్టాలి.

కిందటేడు మిరియాల కోతల్లో సోమన్న చెట్టు దిగి నేల మీద నిలబడి, సంచి విప్పబోతే కుడి చెయ్యి లేవలేదు. నోరు ఒక పక్కకు పోయింది. పక్షవాతం చెట్టు మీద ఉండగా రాలేదు, అదొక్కటే దేవుడు చేసిన మేలు. ఆటోలో అరకు, అక్కణ్ణుంచి అంబులెన్సులో విశాఖపట్నం. ప్రాణం దక్కింది. చెయ్యి దక్కలేదు. "ఇంకోసారి వస్తే మేమేమీ చెప్పలేం, ఉప్పు విషయంలో జాగ్రత్త" అని పెద్ద డాక్టరు అంటే, నేను అక్కడ నిలబడి నీలవేణి వైపు చూశాను. ఎలా చూశానో నాకు గుర్తుంది. ఆ చూపు వెనక్కి తీసుకోవడానికి ఏమిచ్చినా సరిపోదు.

ఇంటికొచ్చాక ఆమె సోమన్నకు చంటిపిల్లాడికి పెట్టినట్టు ముద్దలు కలిపి పెట్టింది. చప్పిడి అంబలి, పక్కన నెత్తళ్ళు.

ఈ వేసవిలో నూకరత్నం కొత్త ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి నేస్తం రాకపోతే ఎలా? అదే వారం నాకు విశాఖలో ట్రైనింగ్ పడింది. సోమన్నను తోటికోడలికి అప్పజెప్పి నీలవేణి నాతో రైలెక్కింది. దారి పొడుగునా ఒళ్ళో కాఫీ గింజల సంచి, పనసపండు పట్టుకుని కూర్చుంది. ఒక రోజు ముందే వెళ్ళాం కనుక నేనూ ఆమెతో ఆ పల్లెకు వెళ్ళాను.

ఇల్లు బాగుంది. పచ్చ రంగు వేశారు. వెనక పెరట్లో పరదాలు పరిచి చేపలు ఎండబెట్టారు. నూకరత్నం కోడలు, కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, గళ్ళుప్పు దోసిళ్ళతో తీసి నెత్తళ్ళ మీద చల్లుతోంది. పెళ్ళికి అక్షింతలు కూడా అంత ధారాళంగా చల్లరు. డాబా మీద ఒక మూల మంచం వేసి, దాని మీద వల పరిచి కొన్ని నెత్తళ్ళు విడిగా ఉంచడం మెట్ల దగ్గర నుంచి కనిపిస్తోంది.

"పైనున్నయ్యి ఏటమ్మా, వేరేగా ఎట్టినారు?" అని నీలవేణి మామూలుగానే అడిగింది.

"అయ్యి మా మావయ్యకండి. బీపీ కదా, డాట్రుగారు ఉప్పు తగలకూడదన్నారు. ఒక్క ఉప్పు గల్లు పడిందంటే మా అత్త నన్ను బతకనివ్వదు." ఆ పిల్ల నవ్వింది. "ఇయ్యి కొండ సంతకి."

పాపం, ఆ పిల్లకేం తెలుసు.

నీలవేణి మెట్లెక్కింది. వెనకాలే నేనూ ఎక్కాను. వల మీద నుంచి ఒక చేప తీసి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలింది. ఇంకొకటి తీసి నా అరచేతిలో పెట్టింది.

"తిను."

తిన్నాను. చప్పగా ఉంది.

డాబా మీద నుంచి సముద్రం దగ్గరగా కనిపిస్తోంది. విశాఖ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ మొగుడి మంచం వదిలి కదల్లేదు, ఆమె సముద్రాన్ని చూడటం ఇదే మొదటిసారి. దాని వైపు వేలు చూపించి, "ఇదీ అందులో పుట్టిందే కదేటి స్వర్ణా?" అంది. రెండేళ్ళు నేను చేసిన పనంతా ఆ ఒక్క ప్రశ్నలో కళ్ళ ముందు కనబడింది.

ఇంతలో నూకరత్నం కొత్తచీర పెట్టిన పళ్ళెం పట్టుకుని పైకి వచ్చింది. "ఇక్కడున్నావేటే నేస్తం! ఊరంతా ఎతుకుతున్నాను. కిందకి రా, బేగి రా, బోజనాలు ఎడతన్నారు."

నీలవేణి వల మీద నుంచి గుప్పెడు చేపలు తీసి చూపించింది. "మీ ఆయనికి ఇయ్యి. మా ఆయనికి అయ్యి. ఎందుకు?"

నూకరత్నం బుకాయిస్తుందనుకున్నాను, బుకాయించలేదు. "తెద్దామనే అనుకున్నాను నేస్తం. మీ కొండ ముసురుకి ఉప్పెయ్యనియ్యి నిలవుండవు, వారానికే పురుగట్టీత్తాయి. వేరేగా ఎండెట్టాల, వేరేగా మొయ్యాల. ఓ గుప్పెడు సేపలకి ఏటవుద్దిలే అనుకున్నాను."

"మీ ఆయనికీ ఏటవుద్దిలే అనుకోలేదేటి?"

నూకరత్నం పళ్ళెం కింద పెట్టింది.

"పుట్టుక ఉప్పు అన్నావు. రగతానికెక్కదన్నావు."

"నువ్వడిగితే ఏదో ఒకటి సెప్పాల గదా..." అంది నూకరత్నం. "నవ్వులాటకి అన్నాను. నువ్వు నమ్మీసినావు."

నమ్మించి గొంతు కోయడమంటే విన్నాను గాని, కోసి, నువ్వెందుకు నమ్మావని అడగడం అప్పుడే విన్నాను. నాకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. నేనేదో అనబోతే నీలవేణి నా చెయ్యి పట్టుకుని ఆపింది. నూకరత్నం కళ్ళలోకి చూసి మెల్లగా, "నూకరత్నం" అంది.

అంతే, ఆ పేరొక్కటే. నేస్తం కట్టినవాళ్ళు ఒకరినొకరు పేరు పెట్టి పిలవరు. పిలిస్తే తెగినట్టే, మళ్ళీ అతకదు. పదిహేనేళ్ళలో ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదలు. "అంత మాటనకే, పండగ పూట అంత మాటనకే" అని నూకరత్నం ఏడ్చింది. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు, అది కూడా చెప్పాలి. నీలవేణి మెట్లు దిగి, నేస్తం ఇంట పచ్చి మంచినీళ్ళైనా ముట్టుకోకుండా బయటికి నడిచింది.

నేను ట్రైనింగ్ మానుకుని మర్నాడు పొద్దున ఆమెతోనే తిరుగు రైలెక్కాను. సొరంగాలు మొదలయ్యాక నేను "తప్పయిపోయింది పిన్నీ" అన్నాను. ఏడుపొచ్చేసింది నాకు. ఆమె కిటికీలోంచి మొహం తిప్పలేదు.

"నువ్వు సదువుకున్నదానివి, ఏటేటో రాసుకుంటావు. ఊరంటావా, నవ్వుతాది. నవ్వనీ. నాను ఉప్పెయ్యలేదని మా ఆయనికి తెలుసు. ఒక్కనాడు ఒక్క మాట అన్లేదు నన్ను. నాకదొక్కటి సాలు."

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సోమన్న అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నీలవేణి కాళ్ళైనా కడుక్కోకుండా అతని ఎదురుగా కూర్చుని మొదటి నుంచి చివరిదాకా అంతా చెప్పింది. డాబా, వల, ఉప్పు, పుట్టుక ఉప్పు అన్నీ. చెబుతూ చెబుతూ వెక్కివెక్కి ఏడ్చింది. "నా సేత్తోనే ఎట్టినాను. ఆ ముండ మాట నమ్మి నా సేత్తోనే నీకు ఎట్టినాను."

సోమన్న ఎడం చెయ్యి ఆమె తల మీద వేశాడు. పక్కకు పోయిన నోటితో నవ్వబోయాడు. అతని మాట ఇప్పుడు ముద్దగా వస్తుంది, ఒక్కొక్క మాటా పేర్చుకుంటే గాని నాకు అర్థం కాదు.

"ఊరుకోయే," అన్నాడు. "నాకు తెల్దేటి ఉప్పని? నోరుంది కదా. నువ్వే ఏత్తన్నావనుకున్నాను."

నీలవేణి ఏడుపు ఆపింది. "ఏటి?"

"సప్పిడి తిన్లేకపోతన్నానని జాలేసి సేపల్లో కలిపేత్తన్నావనుకున్నాను. నర్సమ్మకి సెప్తే నిన్ను తిడతాదని సెప్పలేదు." ఆ మాట ఎంతో ప్రేమగా అన్నాడు. పెళ్ళాన్ని కాపాడుకున్నానని రెండేళ్ళుగా మనసులో దాచుకున్న గొప్పేదో బయటపెట్టినట్టు అన్నాడు.

"నాను అమ్మోరు మీద ఒట్టేసినప్పుడు పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

"ఒట్టు కూడా అబద్దమే అనుకున్నావా?"

సోమన్నకు అప్పుడర్థమయింది తనేమన్నాడో. "అది కాదే..." అని ఏదో చెప్పబోయాడు గాని మాట తిరగలేదు. "ఒక్కసారి అడగలేకపోయావా? ఒక్కసారి అడిగుంటే ఆ సేప ఇసిరి పారేసేదాన్ని. నీ సెయ్యి నీకుండేది" అంది నీలవేణి. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

ఆమె లేచి మొహం కడుక్కుని, పొయ్యి రాజేసి అంబలి కాచింది. కాగిన అంబలి గిన్నెలో పోసి తెచ్చి అతని ముందు పెట్టింది. సోమన్న అలవాటుగా నోరు తెరిచాడు. నీలవేణి చెంచా తీసి అతని ఎడం చేతిలో పెట్టి, వేళ్ళు మూసి, రెండడుగులు వెనక్కి జరిగి కూర్చుంది.

"నువ్వే తిను," అంది. "నా సేతిని నమ్మనోడికి నానెట్టను."

సోమన్న ఎడం చేత్తో తినడం అదే మొదలు. సగం నోట్లోకి పోయింది, సగం చొక్కా మీద ఒలికింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా నీలవేణి కదలకుండా చూస్తూ కూర్చుంది, తుడవడానికి లేవలేదు.